దూరదర్శన్ జ్ఞాపకాలు: ఎవరి ఇల్లు, ఎవరి గుమ్మం?

ఈ మధ్య మన పత్రికల్లో ఒక రకం వ్యాసం తరచుగా కనబడుతున్నది. ఊళ్ళో మొట్టమొదటి టీ.వీ., డాబా మీద యాంటెనా తిప్పే అన్నయ్య, "వచ్చిందా?" అని అతని కేక, "ఇంకొంచెం ఇటు" అని కిందనుంచి పదిమంది జవాబు, శుక్రవారం సాయంత్రం చిత్రలహరి, ఆదివారం పొద్దున రామాయణం, శాంతిస్వరూప్ చదివే వార్తలు - ఇదీ దాని సామగ్రి. చివర ఒక నిట్టూర్పు తప్పనిసరి. ఆ రోజుల్లో చానెల్ ఒక్కటే అయినా వీధి వీధంతా కలిసి చూసింది; ఇప్పుడు చానెళ్ళు వందలున్నా ఎవరి ఫోను వారిది, ఎవరి మూల వారిది. పాఠకుడు కూడా నిట్టూర్చి పేజీ తిప్పుతాడు.

ఇటువంటి రచనలను చూసి నవ్వి ఊరుకోవడం సరికాదు. బాల్యాన్ని తలచుకోవడం నేరమూ కాదు, అభివృద్ధి నిరోధకమూ కాదు. పైగా వీటిలోని ఆర్తి చాలావరకు నిజమైనదే. ఆ కాలం గడిచిపోయిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన నా విద్యార్థులు కూడా ఆ రోజులే బాగుండేవని అంటున్నారంటే, ఆ ఆర్తికి వర్తమానంలో ఏదో కారణం ఉండితీరాలి. అయితే ఒక అనుభూతి నిజమైనంత మాత్రాన అది చెప్పే చరిత్ర కూడా నిజం కానక్కరలేదు. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: "అందరం కలిసి చూశాం" అనే వాక్యంలో ఆ "అందరం" ఎవరు?

జవాబు కావాలంటే కొంచెం వెనక్కు పోవాలి. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. తెలుగు పల్లెలకు అది మొదట వచ్చింది ఎవరి ముందుగదిలోకో కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాల్లో "సైట్" అనే ప్రయోగం జరిగింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ సెట్లు ఎవరి సొంతమూ కావు. బడి వంటి ఉమ్మడి స్థలాల్లో పెట్టారు. సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు - వీటిమీద కార్యక్రమాలు వచ్చేవి. అది ఎమర్జెన్సీ కాలమనీ, ఏం చూపాలో నిర్ణయించింది గ్రామస్థులు కాదనీ మరచిపోకూడదు. మన ఊళ్ళలో ఉమ్మడి స్థలాలు కూడా కులానికి అతీతమైనవి కావు. ఇవన్నీ ఒప్పుకున్నా ఒక్క విషయం మిగులుతుంది. ఆ సెట్టు ముందు కూర్చోవడానికి ఏ ఇంటి యజమాని దయా అక్కరలేదన్నది కనీసం సూత్రంగా నిలిచింది. ఏడాది తిరగగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది, ప్రయోగం ముగిసింది.

1977లో హైదరాబాదు కేంద్రం వచ్చింది. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన ఏడాది, రంగులూ జాతీయ కార్యక్రమమూ వచ్చాయి. 1983లో ఇన్సాట్-1బి ఎగిరింది. మరుసటి ఏడు దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు త్వరత్వరగా వెలిశాయి. మన వ్యాసకర్తల బాల్యం ఇక్కడ మొదలవుతుంది. కాని ఈలోగా టెలివిజన్ స్వభావమే మారింది. ఉమ్మడి సెట్టు స్థానంలో సొంత సెట్టు వచ్చింది. దాన్ని కొనగలిగినవాడు ఉద్యోగస్థుడో, వ్యాపారో, భూవసతి గలవాడో. వీధంతా చేరింది అతని ఇంటికే. అంటే, మనం సామూహిక జీవితమని మురిసిపోతున్నది నిజానికి ఒక యజమాని ఔదార్యం.

ఔదార్యానికి ఎప్పుడూ ఒక గుమ్మం ఉంటుంది. బంధువులు కుర్చీల్లో, ఇరుగుపొరుగు చాపమీద, పాలేరు కొడుకు గుమ్మం బయట, ఇంకా దూరంవాడు కిటికీ చువ్వలు పట్టుకుని. ఇంట్లో చుట్టాలు దిగినా, ఇంటాయనకు విసుగు పుట్టినా తలుపు మూతపడేది. మన జ్ఞాపక రచనల్లో కిటికీ దగ్గరివాడు కనబడకపోడు, కాని అలంకారంగా కనబడతాడు. "కిటికీల్లోంచి కూడా జనం ఎగబడి చూసేవారు" అని రచయిత గర్వంగా రాస్తాడు. ఆ కిటికీ అవతలనుంచి ఆ గది ఎట్లా కనిపించిందో మాత్రం రాయడు. ఎందుచేతనంటే ఈ రచనల్లో అధికభాగం గది లోపల కూర్చున్నవాళ్ళవి.

గది లోపల కూడా అందరూ సమానులు కారు. ఆదివారం తొమ్మిదిన్నరకు వీధులు నిర్మానుష్యంగా ఉండేవని రాస్తారు. వచ్చినవాళ్ళందరికీ ఆ వేళ కాఫీలు కాచినదెవరు? వంటింట్లో పొయ్యి దగ్గరనుంచి మాటలు మాత్రమే విన్నవాళ్ళున్నారు. ఆ మాటలు కూడా హిందీవి. చిన్న ట్రాన్స్‌మిటర్లలో చాలావాటి పని ఢిల్లీనుంచి వచ్చినదాన్ని తిరిగి ప్రసారం చేయడమే గనక, 1984-85లో "హమ్ లోగ్" చూసిన తెలుగు పల్లెటూరి మనిషి మొహాలను చూసి కథ ఊహించుకున్నాడు. కొంచెం హిందీ వచ్చినవాడు పక్కన చేరి అర్థం చెబితే విన్నాడు. భాష రాని బొమ్మకు తన కథ తాను అల్లుకున్న ఆ ప్రేక్షకుడి కథ ఎంత గొప్ప వస్తువు! మన రచయితల దృష్టి దానిమీద పడలేదు.

అప్పుడు వ్యాపారం లేదనే మాట కూడా నిలవదు. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976 జనవరి నుంచే ఉన్నాయి. "హమ్ లోగ్"తోపాటు మ్యాగీ నూడుల్స్ కూడా ఇళ్ళలోకి నడిచివచ్చాయి.

ఇంతకంటె పెద్ద విషయం రామాయణానిది. తెలుగువాళ్ళకు రంగనాథ రామాయణం ఉన్నది, మొల్ల రామాయణం ఉన్నది, ఆడవాళ్ళు పాడుకునే రామాయణపు పాటలు ఉన్నాయి, వాటన్నిటికీ ఎదురుగా రంగనాయకమ్మగారి "రామాయణ విషవృక్షం" ఉన్నది. 1987 జనవరి 25 నుంచి 1988 జులై దాకా ఒక ప్రభుత్వ చానెల్ ఒక్క రామాయణాన్ని దేశమంతటికీ ఒకే వేళకు చూపించింది. వేరొకటి చూసే వీలు లేదు. 2020 మార్చిలో, లాక్‌డౌన్‌లో దాన్నే మళ్ళీ ప్రసారం చేశారు. వలసకూలీలు రోడ్లవెంట నడుస్తున్న ఆ రోజుల్లో, ఇళ్ళలో ఉండగలిగినవారికి అది బాల్యాన్ని తిరిగి ఇచ్చింది. గతంమీద మమకారం ఎంత అమాయకంగా కనబడినా అది ఎవరికి అక్కరకు వస్తుందో చూడకుండా ఉండలేం.

అయితే ఆ కాలంలో విలువైనది ఏమీ లేదా? ఉన్నది. 1988లో భీష్మ సాహ్ని నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన "తమస్" దేశవిభజన హత్యాకాండను నేరుగా ఇళ్ళలోకి తెచ్చింది. ఆపాలని కొందరు కోర్టుకు వెళితే సుప్రీంకోర్టు ప్రసారాన్నే సమర్థించింది. ఆదివారం మధ్యాహ్నాల్లో ఇతర భాషల చిత్రాలు వంతులవారీగా వచ్చేవి. బెంగాలీ, మలయాళ జీవితాలను మన మధ్యతరగతి చూసింది అక్కడే. మరునాడు బడిలో, ఆఫీసులో, టీ కొట్లో మాట్లాడుకోవడానికి ఉమ్మడి విషయం దొరికేది. ఈనాటివాళ్ళ ఆర్తికి మూలం ఇదే. ఒంటరిగా చూడడం వారిని బాధిస్తున్నది.

కాని ఈ మేలు చానెల్ ఒక్కటే కావడంవల్ల కలిగింది కాదు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థకు ప్రజలపట్ల కొంత బాధ్యత ఉంటుందన్న భావంవల్ల కలిగింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అన్నది. వాటిమీద ప్రభుత్వానికీ గుత్తాధిపత్యం లేదు, వ్యక్తులకూ లేదు అన్నది. అదే ఏడాది తెలుగులో ప్రైవేటు చానెళ్ళు మొదలయ్యాయి. ప్రభుత్వం చేతిలోనుంచి జారిన దాంట్లో ఎక్కువభాగం వ్యాపారి చేతిలో పడింది. ప్రజల చేతికి ఇంకా రాలేదు.

ఈ సంగతి గ్రహించినవాడికి నిట్టూర్చే అవసరం ఉండదు. పోయినది బాల్యమైతే అది ఎట్లాగూ తిరిగిరాదు. పోయినది ప్రజాబాధ్యత అయితే దాన్ని అడిగి తీసుకోవచ్చు. జ్ఞాపక రచయిత ఈ రెంటినీ కలిపేసి, అడగవలసినదాన్ని కూడా ఏడవవలసినదిగా మారుస్తున్నాడు. నా అభియోగం ఇదే.

అందుచేత ఈ వస్తువును వదిలిపెట్టమని నేను అనను. ఇంకా బాగా రాయమంటాను. టీ.వీ. ఎవరిదో, తలుపు ఎప్పుడు వేశారో, చాప ఎంతవరకు పరిచారో, పొయ్యి దగ్గర ఎవరున్నారో రాయాలి. అంతకంటె ముఖ్యంగా, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిన పిల్లవాడు ఈనాడు నలభై దాటిన మనిషి. అతనికీ ఆ రామాయణం, ఆ చిత్రలహరి గుర్తున్నాయి. అతను రాసిన రోజున మనకు ఆ కాలం సగం కాక పూర్తిగా తెలుస్తుంది.