అతిథి లేవకముందే విస్తరి తీయకూడదు

నడుస్తున్న వర్చువల్ మెషిన్‌కి కొత్త డిస్కో, నెట్‌వర్క్ కార్డో తగిలించడం గురించి అందరూ మాట్లాడతారు. తీయడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎమ్యులేటర్ రాసేవాళ్ల పనితనం తెలిసేది మాత్రం తీయడంలోనే అని నా నమ్మకం. 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన క్యూఎమునే తీసుకుందాం. అందులో ‘డివైస్ యాడ్’ కమాండ్ ఇస్తే పనైందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ‘డివైస్ డెల్’ అలా కాదు. ఎర్రర్ ఏమీ రాకపోయినా డివైస్ ఇంకా అక్కడే ఉండొచ్చు. చాలా సందర్భాల్లో ఆ కమాండ్ ఒక విన్నపం మాత్రమే. దాన్ని మన్నించాల్సింది లోపల నడుస్తున్న గెస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. అసలు సర్వర్లలో హాట్‌ప్లగ్ స్లాట్‌కి (మెషిన్ నడుస్తుండగానే కార్డు తగిలించి తీయగలిగే స్లాట్‌కి) ఒక బటన్, ఒక దీపం ఉండే ఏర్పాటుంది. బటన్ నొక్కితే దీపం మినుకుమినుకుమంటుంది. పొరపాటున నొక్కినవాళ్లు 5 సెకన్లలోపు మళ్లీ నొక్కితే రద్దవుతుంది. క్యూఎము ఆ బటన్‌ని తానే నొక్కినట్టు గెస్ట్‌కి ఇంటరప్ట్ పంపుతుంది. గెస్ట్ కెర్నెల్ ఎక్కడా లేని ఆ దీపాన్ని మినుకుమనిపిస్తుంది, 5 సెకన్లు ఆగుతుంది, డ్రైవర్‌ని విడదీస్తుంది, స్లాట్‌కి కరెంటు ఆపమని రిజిస్టర్‌లో రాస్తుంది. ఆ రాత కనబడ్డాకే క్యూఎము డివైస్‌ని తొలగించి ‘డివైస్ డిలీటెడ్’ ఈవెంట్ పంపుతుంది. 2013లో 1.5 వెర్షన్‌తో ఈ ఈవెంట్ వచ్చేదాకా, డివైస్ పోయిందా లేదా అని పైనున్న సాఫ్ట్‌వేర్ పదేపదే అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది. గెస్ట్ ఇంకా బూట్ అవుతుంటే బటన్ నొక్కినా వినే నాథుడు ఉండడు. 2021 నాటి 6.1 నుంచి క్యూఎములోని క్యూ35 రకం మెషిన్లలో డిఫాల్ట్‌గా ఏసీపీఐ (హార్డ్‌వేర్ సంగతులు ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలిపే ప్రమాణం) దారి పట్టారు. బటన్, దీపం పోయాయి గానీ, గెస్ట్ ఒప్పుకోవాల్సిన అవసరం పోలేదు.

హోస్ట్ నాది, డివైస్ నాది, తీయడానికి గెస్ట్‌ని బతిమాలడమేంటి అని అడిగేవాళ్లున్నారు. గెస్ట్ మొండికేసినప్పుడు ఆ ప్రశ్న నిజంగానే బరువైనది. కానీ డివైస్‌తో పనిలో ఉన్న డ్రైవర్ చేతిలోంచి దాన్ని లాగేస్తే, మధ్యలో ఉన్న రిక్వెస్టులు గాలికి పోతాయి. లేని డివైస్ రిజిస్టర్ చదివితే అన్నీ ఒకట్లే వస్తాయి. దానికి సిద్ధపడి రాయని డ్రైవర్ హ్యాంగవ్వొచ్చు. మరీ తప్పనిసరైతే మెషిన్‌నే ఆపేసే అధికారం యజమానికి ఎప్పుడూ ఉంది. (అంగీకారం దొరికినంత మాత్రాన అన్నీ భద్రమని కాదు, మౌంట్ చేసిన డిస్క్‌ని ముందే అన్‌మౌంట్ చేయడం గెస్ట్‌ని నడిపేవాళ్ల బాధ్యతే.)

క్లౌడ్ రోజుల్లో పాత మెషిన్ పారేసి కొత్తది తెచ్చుకుంటాం, ఈ తంటా ఎందుకు అనే మాటా ఉంది. వెబ్ సర్వర్లకైతే సరే. కానీ క్యూఎములో 2019లో 4.2 వెర్షన్‌తో వచ్చిన ఫెయిలోవర్ సదుపాయం చూడండి: గెస్ట్‌కి నేరుగా అప్పగించిన నెట్‌వర్క్ కార్డుని ముందు తీసేస్తేగానీ లైవ్ మైగ్రేషన్ ముందుకు సాగదు. అంటే మెషిన్‌ని ఆపకుండా ఇంకో హోస్ట్‌కి తరలించే పని కూడా ఈ తొలగింపు మీదే ఆధారపడి ఉంది.

గెస్ట్‌కి మర్యాద ఇవ్వమంటే దాన్ని నమ్మమని కాదు. 2015లో జెన్ హైపర్‌వైజర్‌తో వాడే క్యూఎములో ఒక లోపం బయటపడింది. ఎమ్యులేటెడ్ డిస్క్‌ని పూర్తిగా విడదీయకుండా వదిలేయడంతో, గెస్ట్ రెండోసారి అన్‌ప్లగ్ చేస్తే అప్పటికే విడుదలైన మెమరీని ప్రోగ్రామ్ మళ్లీ వాడేది. ఆ సందులోంచి గెస్ట్, హోస్ట్ మీదున్న క్యూఎము ప్రాసెస్ అధికారాల దాకా చేరే వీలుండేది. తగిలించే కోడ్‌కి ఎన్ని టెస్టులు రాస్తామో, తీసే కోడ్‌కి అంతకు మించి రాయాలనడానికి నాకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

వర్చువల్ మెషిన్లు నడిపే మిత్రులు ఈ వారం మీ స్క్రిప్టులు ఒకసారి తెరవండి. ‘డివైస్ డెల్’ తర్వాతి వరుస ‘డివైస్ డిలీటెడ్’ కోసం ఆగుతోందో, ఆగకుండా వెనకున్న డిస్క్ ఫైల్‌ని చెరిపేస్తోందో చూసుకోండి.