బండిని కొత్త చేతికివ్వండి

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక నట్టు.

మా మేనల్లుడు ఇరవయ్యేళ్ళు దాటిన ఫోర్డ్ ఐకాన్ కొన్నాడు. 1.6 లీటర్ల పెట్రోలు బండి. 1999లో ‘జోష్ మెషీన్’ అంటూ ఈ కారు వచ్చినప్పుడు ఎంతమంది కుర్రాళ్ళకు నిద్ర పట్టలేదో నా ఈడు పాఠకులకు చెప్పక్కర్లేదు. ఇంజిన్‌లో ఆ జోష్ ఇంకా ఉంది, స్టీరింగ్‌లోనే లేదు. చక్రం అటూ ఇటూ రెండు వేళ్ళ మందాన తిరిగినా ముందు టైర్లు కదలవు.

వాడు నాతో చెప్పకుండా ఎక్కడో చూపించాడు. అక్కడెవరో స్టీరింగ్ ర్యాక్ మీది అడ్జస్టింగ్ నట్టు బిగించి, అయిపోయిందని పంపేశారు. నేరుగా పోయినంతసేపు బాగానే ఉంది. కారంపూడి సెంటర్లో మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేసింది, చేత్తో లాగి తెచ్చుకోవాలి. రాదు మరి. బండి బతుకంతా ఎక్కువగా నేరుగానే నడుస్తుంది కాబట్టి ర్యాక్ పళ్ళు అరిగేది నడిమధ్యన. అరిగిన చోటికి సరిపోయేట్టు బిగిస్తే అరగని అంచుల్లో పట్టేస్తుంది.

నా పాత పాట మళ్ళీ పాడక తప్పదు: కిందనుంచి పైకి రండి, అలైన్‌మెంట్ ఆఖర్న చేయించండి. క్లచ్ మీద రాసినప్పుడు నన్ను ఉతికి ఆరేసిన గురజాల పాఠకులు కూడా ఈ ఒక్క మాటకు అడ్డు చెప్పలేదు. ముందు టైర్లలో గాలి చూడాలి. గాలి తగ్గినా, టైరు ముసలిదైనా స్టీరింగ్ మెత్తబడుతుంది. టైరు పక్కన చివరి నాలుగంకెలు 2316 అని ఉంటే అది 2016లో 23వ వారం తయారైనదని లెక్క. గీతలు ఎంత లోతుగా ఉన్నా దానికి విశ్రాంతి ఇవ్వాల్సిందే.

శనివారం మా షెడ్డు మేస్త్రి గుంటలోకి దిగాడు. మేనల్లుడు పైన కూర్చుని స్టీరింగ్‌ను కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఆడించాడు. “ఇంజిన్ ఆపకండి బాబూ, పవర్ స్టీరింగ్ కదా, ఆపితే ఉన్న ఆట ఒకటి, తెలిసే ఆట ఒకటి” అన్నాడు మేస్త్రి. టై రాడ్ ఎండ్ మీద బొటనవేలు ఆనించి ఊఁ అన్నాడు. అక్కడ రాడ్డు ముందు కదులుతోంది, లోపలి గుండు ఆలస్యంగా కదులుతోంది. ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్ చీలిపోయింది. ర్యాక్‌ను పట్టి ఉంచే రబ్బరు ఆయిల్ తాగి ఉబ్బింది. ఒక్కోచోట పోయింది వెంట్రుకంత, అన్నీ కలిస్తే రెండు వేళ్ళు.

“మామయ్యా, అన్నీ పాలీయురెథేన్ బుష్‌లు వేయిస్తా, రేసు కారులా ఉంటుంది” అన్నాడు వాడు. పిడుగురాళ్ళ సున్నం లారీలు, సిమెంటు లారీలు నలగ్గొట్టిన రోడ్ల మీద ఆ గట్టి బుష్‌లు వేస్తే ప్రతి గుంతా నేరుగా వచ్చి మోచేతుల్లో దిగుతుంది. కొత్త రబ్బరు చాలు అన్నాను.

అసలు వాడి ఆరాటం చూస్తుంటే మా పెదనాన్న గుర్తొచ్చాడు. మాచర్ల నాపరాళ్ళు గుంటూరుకు తోలే టాటా లారీ ఆయనది. పవర్ స్టీరింగ్ లేదు. స్టీరింగ్ బాక్సు అరిగి, చక్రం పావు చుట్టు తిరిగినా బండి తన దారిన తాను పోయేది. అయినా ఆయన చేతిలో ఒక్కసారీ రోడ్డు దిగలేదు. ఎలాగో పక్కన కూర్చుని చూశాను. మన రోడ్లు మధ్యలో ఎత్తు, అంచులకు వాలు. ఎడమన నడిచే బండి అంచుకు జారబోతుంది. ఆయన చక్రాన్ని ఎప్పుడూ కాస్త కుడికి లాగి పట్టుకునేవాడు, దాంతో ఉన్న ఆటంతా ఒకవైపే అణిగి ఉండేది. ముందు బండిని దాటాలంటే మాత్రం రోడ్డు నడిమధ్య గీత దాటగానే వాలు మారుతుంది, ఆట రెండోవైపుకు తిరగబడుతుంది. ఆ క్షణం ఆయన చేతికి ముందే తెలిసేది. బండిదేముంది, చెయ్యి ముఖ్యమని ఈ కాలమ్‌లో నేను రాసిన ప్రతిసారీ నా మనసులో ఉన్నది ఆ చెయ్యే.

ఒకసారి ఆయనకు జ్వరమొచ్చింది. మరో డ్రైవరు లారీ తీశాడు. ఊరు దాటగానే ట్రాక్టరును దాటబోయి మిరపచేలోకి దించాడు. నాపరాళ్ళు తప్ప ఎవరూ దెబ్బతినలేదు. ఊరంతా ఆ డ్రైవరును తిట్టి పెదనాన్నను పొగిడింది. తిట్టాల్సింది ఆ బాక్సును. దాన్ని అన్నేళ్ళు షెడ్డుకు పోకుండా కాపాడింది పెదనాన్న నేర్పే. నేర్పున్నవాడి చేతిలో లోపం హాయిగా బతుకుతుంది, నేర్పు లేనివాడి చేతిలోకి వెళ్ళినరోజే బయటపడుతుంది. అందుకే బండిని బాగుచేయించే విషయంలో నేనిప్పుడు మా మేనల్లుడి పక్షం. కార్తీకంలో వీరారాధనకు కారంపూడి వీర్లగుడి దారులు జనంతో నిండినప్పుడు నడిపేవాడి నేర్పును నమ్ముకుని ఎవరూ రోడ్డు దాటకూడదు.

ఫోర్డు మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. కాబట్టి సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్‌లో తిరగాల్సి వచ్చింది. టై రాడ్ ఎండ్‌లు, బుష్‌లు మారాయి. బిగించిన నట్టును మేస్త్రి మళ్ళీ వదులు చేసి సరైన చోట నిలిపాడు, ఆ తర్వాతే అలైన్‌మెంట్. కొత్త ర్యాక్ అక్కర్లేకపోయింది. ఇప్పుడు మలుపు తిరగ్గానే చక్రం తనే వెనక్కొస్తోంది.

మీ బండి మీకు బాగానే ఉందనిపిస్తే ఆ మాట నమ్మకండి. ఏడాదికోసారైనా, మీ డ్రైవింగును ఎప్పుడూ మెచ్చుకోని వాళ్ళెవరికైనా తాళాలివ్వండి. ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా, మీరు పక్కనే కూర్చుని. “ఇదేంటి ఇలా ఉంది?” అని వాళ్ళంటే “అలవాటైతే నీకే తెలుస్తుంది” అనకండి. మేస్త్రికి ఫోన్ చేయండి.