ముద్దుతిట్లు: శబ్దార్థవిచారము

ఇంటి పెద్దలు పిల్లలయెడ వాత్సల్యముతో బ్రయోగించు నిందావాక్యములకు ముద్దుతిట్లని లోకమున వ్యవహారము. హైదరాబాదునకు పడమట రంగారెడ్డి జిల్లాలోనున్న మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతముల పలుకుబడియం దిట్టి మాటలు సమృద్ధిగా గలవు. ఎడ్డి, పిస్స, తిక్క, దొంగ, గాడిద మొదలగునవి తెలుగున బాదుకొన్నవి. బద్మాష్, పాగల్ అనునవి ఉర్దూ నుండి వచ్చి యిండ్లలో స్థిరపడినవి. బద్మాష్ శబ్దమునందు మొదటి భాగము 'చెడ్డ' యను నర్థముగల పారసీకపదము, రెండవది జీవనవాచకమగు అరబ్బీపదము. చెడుబ్రతుకు గలవాడని యవయవార్థము. అయినను, పాలు త్రాగక మొండికేసిన పసివానిని తల్లి ఆ మాటతో బిలుచునప్పుడు ఆ యర్థము లేశమును దోపదు. ఈ మార్పునకు హేతువేమి, దాని కవధి యెక్కడ అనునది విచారణీయము.

ఇది వ్యాజస్తుతియే యని కొందఱు తలపవచ్చును. అనగా పైకి నింద, లోన స్తుతి. ఈ మార్గమున గాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకము ప్రసిద్ధము. కాని ముద్దుతిట్టునం దా లక్షణము పొసగదు. 'ఎడ్డిబిడ్డా' యని పిలిచిన యవ్వకు మనుమడు బుద్ధిమంతుడని చెప్పు నుద్దేశము లేదు. వాని యమాయకత్వము నట్లే నిలిపి, దానిపై జాలిని జేర్చుచున్నది. విపరీతలక్షణయు నిందువలననే చెల్లదు. ఇక నీ సీమకు సమీపమునగల గోలకొండ చెఱలో నుండెనని ప్రసిద్ధుడైన రామదాసు కీర్తనలలో రాముని నిష్ఠురములాడిన ఘట్టము కలదు. అచట నింద వేదన వలన బుట్టినది గనుకనే వెంట క్షమాప్రార్థనయు వచ్చినది. ముద్దుతిట్టునకు క్షమాపణముతో బనిలేదు. పని గలిగినచో నది ముద్దుతిట్టు కాదు.

ఇందలి రహస్యమును బాణిని యేనాడో గుర్తించెను. అష్టాధ్యాయి 5.3.74వ సూత్రమున గుత్సితార్థమునందు 'క' ప్రత్యయము విధింపబడినది. అశ్వకుడనగా నీచమైన గుఱ్ఱము. 5.3.76వ సూత్రమున నాప్రత్యయమే యనుకంపార్థమునందును విధింపబడినది. పుత్రకుడనగా జాలిగొలుపు ముద్దుబిడ్డ. కించపఱచుటకును గనికరించుటకును భాష యొక్కటే సాధనమును వాడుకొన్నది. రెంటియందును ఎదుటివానిని జిన్నవానిగా జూచుట సమానము. ఆ చిన్నతనమును ద్రోసివేసిన గుత్స, ఒడిలోనికి దీసికొన్న ననుకంప.

తెలుగునం దీ ప్రత్యయముచేయు పనిని బంధువాచకము చేయుచున్నది. 'పిచ్చిది' యన్న నింద. 'పిచ్చితల్లి' యన్న ముద్దు. 'ఎడ్డివాడు' అన్న నింద. 'ఎడ్డిబిడ్డ' యన్న ముద్దు. పూర్వపద మొక్కటియే యైనను ఉత్తరపదమైన తల్లి, తండ్రి, బిడ్డ, అయ్య యను మాట లర్థమును మార్చివేయుచున్నవి. ఇచట సమాసభేదమును గమనింపవలెను. 'పిచ్చికొడుకు' కర్మధారయము, కొడుకే పిచ్చివాడు. 'గాడిదకొడుకు' షష్ఠీతత్పురుషము, నింద తండ్రికి దగులును. సంస్కృతమునందును షష్ఠి తిట్టునకు నెలవే. ఆక్రోశము తోచునప్పుడు సమాసమున షష్ఠీవిభక్తి లోపింపదని 6.3.21వ సూత్రము. తండ్రియే తన కుమారుని 'గాడిదకొడకా' యన్నచో నా షష్ఠి తన మెడకే చుట్టుకొనునని యిండ్లలో నవ్వుకొనుట కిదియే మూలము.

స్వరమును నొక హేతువు. వాక్యాదిని రెట్టించిన సంబోధనమున నసూయ, సమ్మతి, కోపము, కుత్స తోచునప్పుడు మొదటి పదము తుది యచ్చునకు స్వరితప్లుతమును 8.2.103వ సూత్రము, బెదిరింపునందు రెండవ పదమునకు బ్లుతమును 8.2.95వ సూత్రము విధించినవి. భావభేదము గొంతులో దెలియునని శాస్త్రసమ్మతము. 'దొంగా' యని తుది యచ్చును సాగదీసి దించిన లాలన. కుదించి మోదినట్లు పలికిన దూషణ.

మూడవ హేతువు వరుస. అవ్వకు మనుమనియందు, మేనమామకు మేనల్లునియందు, బావమఱదండ్ర కొండొరులయందు నీ చనువు చెల్లును. ఇట్టి పరిహాసపు వరుసలు పలు జాతులయందు గలవని రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో నొక వ్యాసమున నిరూపించెను. వరుస తప్పిన మాట తప్పును.

ఇక నవధి. వాత్సల్యము వినువానికి దగులు నిందను మాత్రమే తొలగింపగలదు. తిట్టునకు బేరైన మూడవ వ్యక్తికి దగులు నిందను దొలగింపజాలదు. 'వెధవ' విధవాశబ్దభవము, 'ముండ' యు నట్టిదే. తల్లి బిడ్డను ముద్దుగా నట్లు పిలిచినప్పుడు బిడ్డ నవ్వును. ఆ యింటి మూల గూర్చున్న భర్తృహీన తలవంచుకొనును. 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున బ్రథమ వితంతువివాహము జరిపించెను. ఆచారము సడలినను మాట సడలలేదు. కులనామములను దిట్లుగా వాడుటయు నిట్టి దోషమే. అచట నెంత ముద్దున్నను, పరుల యవమానమే యా ముద్దునకు బెట్టుబడి. 'నీ యిల్లు పాడుగాను' అను శాపమున 'పాడు' తీసి 'బంగారము' నిలిపిన జాతి యీ మాటలకు మాత్రము ప్రత్యామ్నాయము వెదకలేకపోవునా?

పాఠశాలకును నీ విచారము వర్తించును. అవ్వ నోట 'గాడిద' యనుకంప. ఉపాధ్యాయుని నోట నది కుత్సయే. అచట బంధువాచకము లేదు, వరుస లేదు, వినుచున్న తోడిపిల్లలు మాత్రము గలరు. బాలలకు శారీరక దండనతోపాటు మానసిక వేధనయు గూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున నిషేధించినది. శాసనము లేకున్నను వ్యాకరణమే యీ నిషేధమును బోధించుచున్నది.

కావున నిఘంటుకర్త లిట్టి పదములకు నిందార్థము వ్రాసి విడువక, అనుకంపార్థమును, దానికి వలయు నుత్తరపదమును, స్వరమును, వరుసను గూడ జూపవలెను. పరనిందాగర్భములైన పదములను వేఱుగా గుర్తింపవలెను. తిట్టినది యెవరిని, తగిలినది యెవరికి అను రెండు ప్రశ్నలకును సమాధానము దొరకినగాని యర్థనిర్ణయము పూర్తి గాదు.