అనురాగ్ బసు: తెరపై రవీంద్రుని కథ

రాయపూరుకు సమీపాన ఉన్న భిలాయి ఉక్కునగరంలో పెరిగిన అనురాగ్ బసు టెలివిజన్ ధారావాహికలతో దర్శకుడైనాడు. ప్రతి భావమూ సంభాషణగా మారవలసిన రంగమది. అందుండి వచ్చినవాడే 2012లో ‘బర్ఫీ’ చిత్రానికి మూగవానిని నాయకునిగా ఎన్నుకొన్నాడు. మౌనాన్ని నడపడం నేర్చిన ఆ చేతితోనే 2015లో రవీంద్రుని కథలను టెలివిజన్‌కు తెచ్చాడు.

‘చోఖేర్ బాలి’లో వినోదిని చూపు, ఆమె పలుకని కోరిక తెరపై నిలిచాయి. కాని ఆమెను ఒకప్పుడు జాలితో, మరొకప్పుడు నిర్దయగా పరికించే కథకుని కంఠం వినిపించదు. పాత్ర మనస్సును కెమెరా పట్టగలదు. ఆ మనస్సును తూచే రచయిత వాక్యాన్ని పట్టలేదు. దీనికి దర్శకుని నిందించడం న్యాయం కాదు. తెరకు కథనిచ్చే తెలుగు రచయిత ముందుగా గుర్తింపవలసినది ఈ నష్టాన్నే.