ఆటమీటల మన్నిక: టైరు పోలిక సరిపోతుందా?

ఒక పరికరం గుణదోషాలను నిర్ణయించడానికి అది కొత్తగా ఉన్నప్పుడు ఎట్లా పనిచేస్తున్నదో చూస్తే చాలదు. అది ఏ విధంగా పాతబడుతున్నది, ఏ భాగం మొదట చెడుతున్నది, చెడినప్పుడు బాగుచేయడానికి వీలున్నదా లేదా అన్నవి కూడ చూడాలి. గడియారాన్ని, కుట్టుమిషనును, సైకిలును పెద్దలు ఈ కొలమానంతోనే కొలిచేవారు. ఇదే కొలమానాన్ని నేటి పిల్లల చేతుల్లో కనిపించే వీడియో గేమ్ కంట్రోలరుకు వర్తింపజేస్తే ఆలోచించదగిన సంగతులు కొన్ని బయటపడతాయి.

కంట్రోలరును బల్లమీద పెట్టి చేతులు కట్టుకొని కూర్చున్నా, తెరమీది బొమ్మ తనంత తానే ఒక ప్రక్కకు నడిచిపోతూ ఉంటుంది. ఆటగాళ్లు ఈ జబ్బును 'డ్రిఫ్ట్' అంటారు. ఇంట్లో మాత్రం నేరం తిన్నగా పిల్లవాని మీద పడుతుంది. "మోటుగా త్రిప్పి పాడుచేశావు" అని మందలిస్తారు. నేరం నిజంగా చేతిదా, పరికరానిదా? ఇది ఇంటి తగవు కాదు. భౌతికశాస్త్రం తీర్చవలసిన ప్రశ్న.

కంట్రోలరులో వ్రేళ్లకు తగిలే భాగాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటివి బొత్తాలు. సాధారణంగా బొత్తాం క్రింద ఒక రబ్బరు గుమ్మటం, దాని లోపల కర్బనం కలిపిన చిన్న బిళ్ల ఉంటాయి. నొక్కినప్పుడు గుమ్మటం కుంగుతుంది. బిళ్ల క్రింది పలకమీది రెండు వాహకపు గీతలను కలుపుతుంది. విద్యుద్వలయం పూర్తి అవుతుంది. వ్రేలు తీయగానే రబ్బరు పైకి లేస్తుంది. ఇక్కడ యంత్రానికి కావలసిన సమాధానం ఒక్కటే: తగిలిందా, లేదా? బిళ్ల కొంచెం అరిగినంత మాత్రాన ఆ సమాధానం మారదు. అందుచేతనే బొత్తాలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. చెమట, జిడ్డు, ఒలికిన తీపి పానీయం లోపలికి దిగితే మొరాయిస్తాయి గాని, శుభ్రం చేస్తే చాలవరకు దారికి వస్తాయి.

ఈ స్థితి ఒక్కనాడు వచ్చినది కాదు. 1982లో అటారి సంస్థ విడుదల చేసిన '5200' అనే యంత్రానికి, కంట్రోలరు బొత్తాలు త్వరగా చెడిపోవడం వల్ల అపకీర్తి వచ్చింది. 1983లో జపానులో నింటెండో సంస్థ అమ్మిన 'ఫామికామ్' తొలి ప్రతుల్లో చదరపు రబ్బరు బొత్తాలు ఉండేవి. అవి అంచున ఇరుక్కుపోయేవి. సంస్థ వాటిని మాని గుండ్రని గట్టి ప్లాస్టిక్ బొత్తాలు పెట్టింది. లోపం కనబడింది, రూపం మారింది. పరికరాల నిర్మాణంలో ఇదే మెచ్చదగిన పద్ధతి.

రెండవ రకం భాగం బొటనవ్రేలితో అన్ని దిక్కులకూ త్రిప్పే చిన్న మీట. చిక్కంతా దీనితోనే. బొత్తాన్ని అడిగినట్లు దీనిని 'తగిలిందా, లేదా' అని అడిగితే చాలదు; 'ఎటు, ఎంత' అని అడగాలి. అందుకోసం చాల కంట్రోలర్లలో రెండు పొటెన్షియోమీటర్లు వాడతారు: ఒకటి కుడియెడమల కదలికకు, మరొకటి ముందు వెనుకల కదలికకు. పాత రేడియోలో శబ్దాన్ని హెచ్చించి తగ్గించే గుండ్రని పిడి వెనుక ఉండేది కూడ ఈ జాతి సాధనమే. కర్బనపు పలుచని పొరమీద ఒక లోహపు నాలుక జరుగుతూ ఉంటుంది. పొర రెండు కొసల మధ్య 3 వోల్టులు ఇచ్చారనుకుంటే, నాలుక సరిగా నడుమ ఉన్నప్పుడు దాని మీద 1.5 వోల్టులు ఉంటాయి. ఒక ప్రక్కకు జరిగితే పెరుగుతాయి, రెండవ ప్రక్కకు జరిగితే తగ్గుతాయి. ఆ వోల్టేజిని బట్టి మీట ఎక్కడ ఉన్నదో యంత్రం గ్రహిస్తుంది.

చాల ఏళ్లు వాడిన రేడియో పిడిని త్రిప్పితే గరగరమని చప్పుడు వచ్చేది. లోపలి పొర అరిగిందనడానికి, లేక దుమ్ము చేరిందనడానికి అది గుర్తు. మీటలో జరిగేదీ అదే. పైగా మీట ఎటు వెళ్లినా తిరిగి నడిమికే రావాలి గనుక, పొరలో నడిమి భాగమే ఎక్కువగా ఒరుసుకుంటుంది. నడుమకు ఒక వైపున పొర పలుచబడితే ఆ వైపు నిరోధం పెరుగుతుంది. అప్పుడు మీట నిశ్చలంగా ఉన్నా 1.5కు బదులు 1.6 వోల్టులు రావచ్చు. ఎవరో మీటను త్రిప్పుతున్నారని యంత్రం భావిస్తుంది. బొమ్మ నడక సాగిస్తుంది. మీటను నడిమికి తెచ్చే స్ప్రింగు సడలినా ఫలితం ఇదే.

దీనికి మందుగా నడిమి చుట్టూ కొంత మేరను యంత్రం లెక్కలోకి తీసుకోకుండా చేస్తారు. దానిని 'డెడ్ జోన్' అంటారు. కొద్దిపాటి మేర అవసరమే. కాని అరుగుదల పెరిగిన కొద్దీ ఆ మేరను పెంచుకుంటూ పోతే సున్నితమైన కదలికలు పోతాయి. అది జ్వరమాపకాన్ని దాచిపెట్టి జ్వరం తగ్గిందనడం వంటిది.

ఇంతకూ మీట ఎంతకాలం మన్నుతుంది? 2021లో ఐఫిక్సిట్ అనే అమెరికా మరమ్మతు సంస్థ సోనీ వారి 'డ్యుయల్ సెన్స్' కంట్రోలరును విప్పి చూచింది. అందులోని మీట ఆల్ప్స్ సంస్థ తయారు చేసినది. అట్టి మీటకు తయారీదారు చెప్పిన ఆయుర్దాయం 20,00,000 ఆవర్తనాలు. వినడానికి ఇది పెద్ద సంఖ్యే. అయితే వేగంగా సాగే ఆటలో నిమిషానికి 80 ఆవర్తనాలు జరుగుతాయనుకుంటే, అది 25,000 నిమిషాలకు, అనగా సుమారు 417 గంటలకు సరిపోతుంది. రోజుకు 2 గంటలు ఆడేవానికి ఏడు నెలలు కూడ కాదు. ఆ గడువు దాటిన మరునాడే మీట చెడుతుందని దీని అర్థం కాదు. పేర్కొన్న పరిమితుల లోపల పనిచేస్తుందన్న హామీ అంతవరకే అని అర్థం. కాని ఆటగాడు సంవత్సరాల లెక్కన ఆలోచించి కొంటాడు. భాగాన్ని మాత్రం నెలల లెక్కకు సరిపోయేట్లు ఎన్నుకొన్నారు. లోపం ఇక్కడ మొదలవుతున్నది.

ఈ సమస్య ఎంత దూరం పోగలదో నింటెండో వారి 'స్విచ్' చరిత్ర తెలుపుతుంది. స్విచ్ 2017 మార్చిలో వెలువడింది. దాని 'జాయ్ కాన్' కంట్రోలర్లు పలుచనివి గనుక మీటను కూడ పలుచగా చేశారు. ఇందులోనూ కర్బనపు పొరమీద లోహపు నాలుకలు జరగవలసిందే. 2019 జూలైలో అమెరికాలో ఆటగాళ్లు సామూహిక దావా వేశారు. 2020 జూన్‌లో సంస్థ అధ్యక్షుడు షుంటారో ఫురుకావా వాడకందారులకు కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పారు. 2021 జనవరిలో ఐరోపా వినియోగదారుల సంఘాల సమాఖ్య, తొమ్మిది దేశాలనుండి వచ్చిన సుమారు 25,000 ఫిర్యాదులతో యూరోపియన్ కమిషన్‌ను ఆశ్రయించింది. వాటిలో 88 శాతం, కొన్న రెండేళ్లలోపల చెడినవని సమాఖ్య చెప్పింది.

ఈ అంకెను విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. ఫిర్యాదు చేసినవారిలో 88 శాతమే గాని, కొన్నవారందరిలో 88 శాతం కాదు. మీట చెడనివాడు ఫిర్యాదు చేయడు గదా! అయినప్పటికీ, చెడిన వాటిలో అత్యధిక భాగం రెండేళ్లలోపలే చెడ్డాయన్న సంగతి తోసివేయదగినది కాదు. 2022లో బ్రిటనులోని 'విచ్' అనే వినియోగదారుల సంస్థ చెడిన మీటలను ప్రయోగశాలలో పరీక్ష చేయించగా, స్పర్శస్థానాల్లో అరుగుదల, లోపలికి చేరిన దుమ్ము కనిపించాయి. 2023లో ఐరోపాలో నింటెండో, హామీ గడువు దాటిన తరువాత కూడ ఇట్టి మీటలను ఉచితంగా బాగుచేయడానికి ఒప్పుకొన్నది.

ఈ వివాదం నడుమ 2021 అక్టోబరులో నింటెండో తన ఇంజనీర్లతో జరిపిన ఒక సంభాషణను ప్రచురించింది. మీటను నిరంతరం మెరుగుపరుస్తూనే ఉన్నామని వారు చెప్పారు. అరుగుదల గురించి చెబుతూ దానిని కారు టైరుతో పోల్చారు: నేలను ఒరుసుకొంటూ తిరిగే టైరు అరగక మానదు గదా అని. ఘర్షణ ఉన్నచోట అరుగుదల తప్పదన్నది భౌతికశాస్త్ర సత్యమే. పోలిక నిజాయితీ గలదే. కాని దానిని చివరిదాకా తీసుకొనిపోతే అది సమర్థనగా మిగలదు, విమర్శగా మారుతుంది.

ఎందుకనగా, టైరు అరుగుతుందని ముందే ఎరిగి కారును నిర్మిస్తారు. టైరుమీది గాళ్ల లోతును చూచి ఎంత అరిగిందో ఎవరైనా చెప్పగలరు. అరిగినప్పుడు నాలుగైదు నట్లు విప్పి చక్రాన్ని ఊడదీసి వేరొక టైరు వేస్తారు, కారును పారవేయరు. ఇక కంట్రోలరును చూడండి. మీట అరుగుదల పైకి కనిపించదు. సాధారణంగా మీట భాగాన్ని పదికి మించిన టంకపు అతుకులతో పలకకు బిగిస్తారు. దానిని ఊడదీయడానికి నేర్పరి చేయి, సరైన సాధనాలు కావాలి. ఈ విషయంలో జాయ్ కాన్ మీటే కొంత నయం. అది టంకం లేకుండా మరలతోను, పట్టీ తీగతోను బిగించినది. టైరు అరుగుతుందని చెప్పి, టైరును ఇరుసుకు అతికించి అమ్మితే ఎవరు ఒప్పుకొంటారు?

ఒరుపులేని మార్గం లేదా అంటే, ఉన్నది. అది కొత్తది కూడ కాదు. 1879లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హాల్ పలుచని బంగారు రేకులో విద్యుత్తును ప్రవహింపజేసి, రేకుకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించాడు. విద్యుదావేశాలు ఒక అంచుకు నెట్టబడి, రేకు రెండు అంచుల మధ్య స్వల్పమైన వోల్టేజి ఏర్పడింది. దీనికే హాల్ ఫలితమని పేరు. మీట అడుగున చిన్న అయస్కాంతాన్ని అమర్చి, దానికి ఎడంగా అర్ధవాహక గ్రాహకాన్ని ఉంచితే, మీట కదిలినప్పుడు క్షేత్రం మారుతుంది, వోల్టేజి మారుతుంది. కొలిచే భాగాలు ఒకదానికొకటి తగలవు గనుక వాటిలో అరిగేది ఏమీ లేదు. సెగా సంస్థ 1996లో 'శాటర్న్' యంత్రపు కంట్రోలరులోను, 1998లో 'డ్రీమ్‌కాస్ట్' కంట్రోలరులోను ఈ పద్ధతినే వాడింది. 2022 తరువాత చిన్న సంస్థలు కొన్ని దీనిని తిరిగి వాడుకలోకి తెచ్చాయి. 2025 జూన్‌లో వెలువడిన 'స్విచ్ 2' మాత్రం పొటెన్షియోమీటర్లనే నమ్ముకొన్నది.

న్యాయంగా రెండవ పక్షం కూడ వినాలి. పొటెన్షియోమీటరు చవక, వాడకం తేలిక. హాల్ గ్రాహకానికి తనకంటూ కొంత విద్యుత్తు కావాలి. ఉష్ణోగ్రత మారితే కొలత కొద్దిగా మారుతుంది. దగ్గరలో మరొక అయస్కాంతం ఉంటే జాగ్రత్త పడాలి. స్విచ్ 2 కంట్రోలర్లు యంత్రానికి అంటుకొనేది అయస్కాంతాలతోనే. అంతేకాక, ఒరుపులేని గ్రాహకం ఒక్కటే సర్వరోగ నివారిణి కాదు. 1996లో వచ్చిన 'నింటెండో 64' మీట కదలికను రంధ్రాల చక్రాలు, కాంతికిరణాలు కొలిచేవి. కొలిచేచోట స్పర్శ లేదు. అయినా మీట మొదలు ప్లాస్టిక్ గిన్నెలో ఒరుసుకొని పొడి రాలి, మీట వదులైపోయేది.

ఆ యంత్రానికి వచ్చిన 'మారియో పార్టీ' అనే ఆటలో మీటను అతివేగంగా గుండ్రంగా త్రిప్పవలసి వచ్చేది. పిల్లలు అరచేతితో త్రిప్పి చేతులు బొబ్బలెక్కించుకొన్నారు. 2000లో న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరల్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం నింటెండో ఆటగాళ్లకు చేతి తొడుగులు ఇవ్వవలసి వచ్చింది. అనగా మోటుగా త్రిప్పమన్నది ఆటే. చెప్పినట్లు చేసిన చేతిని తప్పుపట్టడం తగదు.

కాబట్టి కంట్రోలరును మెచ్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. అరిగే భాగం ఎంతకాలం పనిచేస్తుందో గంటల లెక్కన చెప్పారా? ఆ భాగాన్ని వాడకందారు మార్చుకోగలడా? విడిభాగం బజారులో దొరుకుతుందా? సోనీ 2023 జనవరిలో అమ్మకానికి పెట్టిన 'డ్యుయల్ సెన్స్ ఎడ్జ్'లో మీట భాగాన్ని ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. అనగా పని అసాధ్యం కాదు. అయితే ఆ సౌకర్యాన్ని ఖరీదైన రకానికే పరిమితం చేయడం సమంజసంగా లేదు. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్‌ను ప్రారంభించింది. మరమ్మతు కొన్నవాని హక్కు అనే భావం ఈ దేశంలోనూ వేరూనుతున్నది. వంద గ్రాములైనా తూగని భాగం చెడితే మొత్తం పరికరం, దానిలోని లిథియం బ్యాటరీతో సహా చెత్తకుప్ప చేరడం డబ్బుకూ నష్టమే, నేలకూ నష్టమే.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో చూపడానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. దళసరి కాగితంమీద మెత్తని పెన్సిలుతో జానెడు పొడవు గీతను పదేపదే దిద్ది నల్లగా చేయాలి. గీత రెండు కొసలకు 9 వోల్టుల బ్యాటరీని కలిపి, డిజిటల్ మల్టీమీటరు ఒక తీగను ఒక కొసన ఉంచి, రెండవ తీగను గీతమీద జరపాలి. వోల్టేజి క్రమంగా మారుతుంది. తరువాత గీత నడుమ ఒక చోట రబ్బరుతో కొద్దిగా రుద్ది, మరల అవే చోట్ల కొలవాలి. చేయి మారలేదు, బ్యాటరీ మారలేదు. అంకెలు మాత్రం మారతాయి. ఇంట్లో మందలింపు తిన్న పిల్లవాడు ఆ అంకెలను పెద్దలకు చూపవచ్చు.