తడిమితే దొరకాలి

కారు నడిపేటప్పుడు కళ్లకు ఒకటే పని, రోడ్డు చూడటం. మిగతావన్నీ చేతులూ కాళ్లూ చూసుకోవాలి. గేరు ఏ గాడిలో పడిందో అరచేతికే తెలుస్తుంది కదా! కొత్త కార్లలో ఏసీ పెంచాలన్నా నున్నటి తెర మీద బొమ్మ వెతుక్కోవాల్సి రావడం నాకు అందుకే నచ్చదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు చూపు తిప్పితే కారు 44 మీటర్లు వెళ్లిపోతుంది. మన హైవేల మీద ఆలోపు డివైడర్ సందులోంచి బైకు రావచ్చు, గేదె రావచ్చు.

ఇప్పుడు కొన్ని కంపెనీలు తెరకే స్పర్శ నేర్పుతున్నాయి. 2017లో వచ్చిన ఆడీ ఏ8లో తెరను నొక్కితే వేలి కింద సన్నగా అదురుతుంది. మంచి ప్రయత్నమే. కానీ ఆ అదురు పని అయిందని చెబుతుందే తప్ప, నొక్కాల్సిన చోటు ఎక్కడుందో చెప్పదు. చూపును రోడ్డు మీంచి లాగేది ఆ వెతుకులాటే.

ఏ మీట ఏదో చేతికే తెలియాలన్న సంగతి విమానాలవాళ్లకు రెండో ప్రపంచ యుద్ధంలోనే తెలిసింది. అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక, పైలట్లు రెక్కల వెనకుండే ఫ్లాప్స్ అనే పలకలు ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. నింద పైలట్ల మీద పడేది. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వవేత్త కాక్‌పిట్‌ను పరిశీలిస్తే, రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా కనిపించాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు చీలలాంటి ముక్క తగిలించమన్నాడు. చీకట్లోనైనా చేతికి తేడా తెలిసింది. నేటి ప్రయాణికుల విమానాల్లోనూ చక్రాల మీట చివర చక్రమే ఉంటుంది.

మళ్లీ కార్ల దగ్గరికొస్తే, స్వీడన్ పత్రిక 'వీ బిలాగారే' 2022లో గంటకు 110 కిలోమీటర్ల వేగంలో కార్లను పరీక్షించింది. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో నాలుగు పనులు 10 సెకన్లలో అయ్యాయి. అన్నిటికన్నా వెనకబడ్డ కొత్త కారుకు 44.6 సెకన్లు పట్టింది. కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్లకు విడి మీటలో బటన్లో ఉన్నాయా అని చూసి మార్కులు వేస్తోంది. మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఇది అడగాలని నా కోరిక.

కారు కొనబోయే బంధువులను షోరూమ్‌లో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంటాను. హజార్డ్ లైట్లు, వైపర్, వానాకాలంలో ముందద్దం మీద ఆవిరి పోగొట్టే బటన్, ఒక్కొక్కటీ తడిమి పట్టుకోమంటాను. ఆ చివరిది చేతికి దొరక్కపోతే వేరే మోడల్ చూద్దామంటాను.