అబద్ధమయింది ఫలితమే

మా పాప పుట్టిన తొమ్మిదో రోజున ఫోనొచ్చింది. మడమ మీద గుచ్చి తీసిన రక్తంలో థైరాయిడ్ పరీక్ష ‘పాజిటివ్’ వచ్చిందనీ, మళ్లీ రక్తం ఇవ్వాలనీ చెప్పి పెట్టేశారు. అప్పటిదాకా పాప హాయిగా నిద్రపోతోందని మురిసిపోయినదాన్నే, ఆ క్షణం నుంచి ఆ నిద్రని జబ్బు లక్షణంగా చూడటం మొదలుపెట్టాను. ‘‘మా వైపు ఎవరికీ ఇట్లాంటివి లేవమ్మా’’ అన్నారు అత్తయ్య. ‘‘కడుపుతో ఉన్నప్పుడు వేళకి తినమంటే విన్నావా’’ అంది అమ్మ. ఆరు రోజుల తర్వాత రెండో పరీక్షలో అంతా మామూలుగానే ఉందని తేలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఆర్నెల్లపాటు నిద్రపోతున్న పాపని తట్టి లేపి చూస్తూనే ఉన్నాను.

మాటల్ని అనుమానించడం సాహిత్యం నాకు నేర్పిన పని. అందుకే ‘ఫాల్స్ పాజిటివ్’ దగ్గర ఆగిపోయాను. అది పరీక్ష చేసేవాళ్ల వైపు నుంచి పెట్టిన పేరు. అబద్ధమయింది ఫలితమే. నేను గడిపిన ఆ ఆరు రోజులు అబద్ధం ఎలా అవుతాయి?

ఈ అనుభవానికి వైద్య సాహిత్యం ఏ పేర్లు పెట్టిందో వెతికాను. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ ‘పీకేయూ’ అనే జబ్బుని కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కతో పసికట్టే పద్ధతి కనిపెట్టాడు. పసిపిల్లలందరికీ పరీక్షలు చేయడం దానితోనే మొదలైంది. 1964లో మోరిస్ గ్రీన్, ఆల్బర్ట్ సోల్నిట్ ‘వల్నరబుల్ చైల్డ్ సిండ్రోమ్’ అన్న పేరు పెట్టారు. చావు అంచుదాకా వెళ్లి బతికిన బిడ్డ విషయంలో తల్లిదండ్రుల భయం పోదనీ, దాని ప్రభావం బిడ్డ పెంపకం మీద, చదువు మీద పడుతుందనీ వాళ్లు రాశారు. తర్వాతి కాలంలో ఈ పేరునే తప్పుడు ఫలితాలొచ్చిన కుటుంబాలకీ వాడారు. అలా వాడినప్పుడు ఆ పేరులో బిడ్డ ఉంది, సిండ్రోమ్ ఉంది. భయపెట్టిన వ్యవస్థ మాత్రం లేదు.

1968లో రోథెన్‌బర్గ్, సిల్స్ రాసిన వ్యాసం పేరు ‘ఐయాట్రోజెనిసిస్: ద పీకేయూ యాంగ్జైటీ సిండ్రోమ్’. ఐయాట్రోజెనిసిస్ అంటే వైద్యం వల్లనే పుట్టిన కీడు. ఈ ఆందోళన తల్లి స్వభావంలోంచి పుట్టింది కాదని ఆ ఒక్క మాట ఒప్పుకుంటుంది. కానీ చివరికి అదీ ‘సిండ్రోమ్’ దగ్గరే ఆగింది. భయపడటానికి కారణమున్న మనిషి భయపడితే దాన్ని జబ్బు అనాలా?

సామాజిక శాస్త్రవేత్త స్టెఫాన్ టిమ్మర్‌మన్స్, మానవశాస్త్రవేత్త మారా బుక్‌బైండర్ 2013లో తెచ్చిన పుస్తకం ‘సేవింగ్ బేబీస్?’. ఆ ప్రశ్నార్థకం నాకు నచ్చింది. ఈ పరీక్షలు ప్రాణాలు కాపాడతాయని ఒప్పుకుంటూనే, ఇంకేం చేస్తున్నాయని కూడా అడుగుతారు వాళ్లు. ఫలితం తేలని పిల్లల్ని ‘పేషెంట్స్ ఇన్ వెయిటింగ్’ అన్నారు. రోగులూ కారు, ఆరోగ్యవంతులూ కారు. నా ఆరు రోజులకి దగ్గరగా వచ్చిన పేరు ఇదే. అయితే ఆ ఎదురుచూపు ఇంట్లో ఎవరి భుజాల మీద పడుతుంది? ‘పేరెంట్స్’ అన్న మాట ఇద్దరినీ సమానంగా చూపిస్తుంది. మా ఇంట్లో అది సమానంగా లేదు. పాప నాన్న కూడా భయపడ్డాడు. కానీ నువ్వేం తిన్నావని అతన్ని ఎవరూ అడగలేదు.

2006లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం, చాలామంది తల్లిదండ్రుల ఒత్తిడి మామూలు స్థాయిలోనే ఉన్నా, తప్పుడు ఫలితం వచ్చిన పిల్లల తల్లుల్లో అది ఎక్కువని చెప్పింది. రెండో పరీక్ష ఎందుకో సరిగ్గా తెలిసినవాళ్లలో ఒత్తిడి తక్కువట. నాకు ఎవరూ చెప్పని కారణం ఎంతో చిన్నది. పుట్టగానే బిడ్డ ఒంట్లో టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పెరిగి, తర్వాతి రోజుల్లో తగ్గుతుంది. త్వరగా రక్తం తీస్తే ఫలితం పాజిటివ్‌లా కనిపించవచ్చు. మా పాపకి ఇరవైనాలుగు గంటలు నిండకముందే తీశారు.

నేను ఈ పరీక్షలకి వ్యతిరేకిని కాను. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది పిల్లలకి చేసిన పరీక్షల వివరాలు 2004లో అచ్చయ్యాయి. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం దాదాపు 1,700 మందిలో ఒకరికి ఉందని తేలింది. సమయానికి మందు వేయకపోతే ఆ బిడ్డ బుద్ధి ఎదుగుదల దెబ్బతింటుంది. పరీక్ష కావాలి. దానితోపాటు నాలుగు మాటలు విడమర్చి చెప్పే మనిషీ కావాలి.

మొన్న మా పిన్ని కూతురికి ఇలాంటి ఫోనే వచ్చింది. ఏడుస్తూ నాకు చేసింది. ‘‘రక్తం ఎన్ని గంటలకి తీశారే?’’ అని అడిగాను. రెండో పరీక్ష ఆలస్యం చేయొద్దన్నాను. ఫలితం ఏదైనా, అది నీ తప్పు కాదని ముందుగా మీ అత్తగారి ఎదుటే డాక్టర్‌తో చెప్పించమన్నాను.